పాడైన ప్రతి

పరమారిబోలో, నది ఒడ్డు వీధిలో,
చెక్కమేడ కింది అంతస్తు మా నోటరీ ఆఫీసు.
నా పని చిన్నది.
రిబ్బను దూర్చడం, లక్క కరిగించడం,
ఇనుప ముద్ర మీద ఒంటి బరువంతా వేసి నొక్కడం.
పేరు వాగినా. జావా మనుషులం.
మావాళ్ళూ ఓడ దిగినవాళ్ళే,
కాకపోతే వేరే ఓడ.

ఫూల్‌కుమారి నికెరీ నుంచి వచ్చింది.
నాలుగు గంటల బస్సు.
బియ్యం సంచిలో కాగితాలు,
సంచి కుట్లలో ఇంకా రెండు వడ్లగింజలు.
డెబ్బై ఎనిమిదేళ్ళు. కూర్చోకముందే అంది:
"తమ్ముడికి కార్డొచ్చింది. నాకెందుకు రాదు?
వాడి ముత్తవ్వే కదా నా ముత్తవ్వా?"

ముత్తవ్వ ఉంది. ఓడ దస్తరంలో భద్రంగా ఉంది.
రామ్‌కలియా, పంతొమ్మిదేళ్ళు,
ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ.
తండ్రి పేరు ఎవరో రాశారు, ఎవరో కొట్టేశారు.
కలకత్తా రేవు గుమాస్తా ఆమెను ఒకలా రాస్తే
ఇక్కడి డచ్చి గుమాస్తా చెవికి ఇంకోలా వినబడింది.
కొడుకు పెళ్ళినాటికి మూడు అక్షరాలు రాలిపోయాయి.
దానికి మందుంది మా దగ్గర:
"పై ముగ్గురూ ఒక్కరే" అని ప్రమాణపత్రం.
ఒక్క మనిషిని ఒక్క మనిషే అని చెప్పడానికి
ఎంత లక్క ఖర్చవుతుందో నాకు తెలుసు.

తెగింది అక్కడ కాదు.
ఫూల్‌కుమారి పుట్టుక కాగితంలో
తండ్రి అన్న గడిలో అడ్డగీత.
హోమం చేశారు, ఏడడుగులు నడిచారు, ఊరంతా తిన్నది,
సర్కారు పుస్తకంలో మాత్రం పెళ్ళి కాలేదు.
ఆరేళ్ళకి ఎవరో చెబితే వెళ్ళి రాయించుకున్నారట.
ఆ తర్వాత పుట్టినవాడు హరిదత్.
వాడికి నాన్న ఉన్నాడు.
ఒకే ఉయ్యాల, ఒకే చెంబు నీళ్ళు,
వాడు రామ్‌కలియాకి మునిమనవడు,
ఈవిడ ఎవరో.

ఆ గీతని చూపుడువేలితో రుద్దింది,
మరకైతే పోతుందేమో అన్నట్టు.

తమ్ముడొచ్చి ప్రమాణం చేస్తే సరి,
అన్నాడు నోటరీ కళ్ళద్దాలు తుడుచుకుంటూ.
ఆవిడ గోడ గడియారం వైపు చూసింది.
పదకొండేళ్ళట మాటల్లేక.
వరిచేను గట్టు. రెండు మూరల వెడల్పు.

మంగళవారం వచ్చాడు హరిదత్.
వాన. తడి గొడుగుతోనే లోపలికొచ్చాడు.
బెంచీకి చెరో కొసనా ఇద్దరూ, మధ్యలో బియ్యం సంచి.
నేను చదివాను: "పైన పేర్కొన్న స్త్రీ
నా తండ్రికే జన్మించినదని..."
"ఎవరా స్త్రీ?" అన్నాడు.
"మీ అక్కగారే."
"అయితే అలాగే రాయి. దీదీ అని రాయి."
డచ్చిలో అక్కకీ చెల్లికీ ఒకటే మాటని చెప్పాను,
పెద్దదని చెప్పే గడి ఫారంలో లేదనీ చెప్పాను.
నా చేతిలో కలం లాక్కున్నాడు.
సంతకం పక్కన, వణికే పెద్ద అక్షరాలతో
దీదీ
అని రాసి కింద గీత గీశాడు.

"పాడు చేశారు," అన్నాడు నోటరీ.
అంచుల్లో రాత చెల్లదు, రాయబారం వాళ్ళు తిప్పి పంపుతారు.
మళ్ళీ టైపు, మళ్ళీ రుసుము, మళ్ళీ లక్క.
ఈసారి తలొంచుకుని సంతకం చేశాడు,
గొడుగు బెంచీ మీదే వదిలి వానలోకి వెళ్ళిపోయాడు.
ఆవిడతో మాట్లాడనే లేదు.

మంచి ప్రతికి నేను ముద్ర నొక్కుతుంటే
ఫూల్‌కుమారి చెత్తబుట్టలోకి తొంగి చూసింది.
"దానికీ డబ్బు కట్టాం కదా?"
తీసి ఇచ్చాను.
ఒళ్ళో పరిచి చేత్తో సాపు చేసి,
నాలుగు మడతలు పెట్టి, ఓఢ్నీ కొంగున ముడేసుకుని,
తమ్ముడి గొడుగు విప్పుకుంది.

పావుగంటకి చూద్దును కదా,
కోర్టుకెళ్ళి అపోస్టిల్ అంటించుకోవాల్సిన అసలు కాగితం
లక్కైనా ఆరకుండా నా బల్ల మీదే ఉంది.
చెప్పులు చేతపట్టుకుని
నికెరీ బస్సు వైపు పరుగెత్తాను.